ట్రిలియం దొంగను పాకం షెడ్డులో పెట్టి గడియ వేసిన సంగతి

నా పేరు ఎర్మా లూయిస్ డీమర్ట్. తండ్రి కీర్తిశేషులు ఎడ్గార్ డీమర్ట్. వయసు అరవై ఆరు. పెళ్ళి కాలేదు. ఆ గడి కాగితంలో ఎందుకు పెట్టారో తెలియదు, ఉంది కనుక చెబుతున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను. ఇప్పుడు నూట పది మేపుల్ చెట్లున్నాయి, మార్చిలో వాటి నీరు పట్టి పాకం కాస్తాను. మిగతా పదకొండు నెలలూ ఎవరి జోలికీ పోను. నివాసం ఒంటారియోలో కిల్‌బ్రే టౌన్‌షిప్, పదో లైను రోడ్డు, ఇంటి నంబరు 4417.

ఈ వాంగ్మూలం 2011 మే 14, శనివారం సాయంత్రం 4:10కి కానిస్టేబుల్ డానా జెట్లర్ ఎదుట ఇస్తున్నాను. ఈ అమ్మాయి ఎనిమిదేళ్ళు నా బస్సే ఎక్కింది. డ్రైవరు వెనక సీటులో కూర్చునేది, ఎందుకంటే మలుపుల దగ్గర వాంతి చేసుకునేది. అది రాయనవసరం లేదంది. చెప్పింది చెప్పినట్టు రాస్తానని మొదట్లో మాటిచ్చింది తనే, కాబట్టి రాయమన్నాను. రాసింది.

నా మీద ఆరోపణ ఏమిటంటే, లార్న్ మెకెక్నీ అనే అరవై తొమ్మిదేళ్ళ పొరుగు రైతును ఈ రోజు నాలుగు గంటల ఇరవై నిమిషాల పాటు నా పాకం షెడ్డులో అక్రమంగా నిర్బంధించానని. అతను ఇప్పుడు పక్క గదిలో ఉన్నాడు. ఫిర్యాదు కాగితం ముందు పెట్టారు. అతను నింపి సంతకం పెడితే నా మీద కేసు కడతారు, కోర్టుకు తిప్పుతారు. మధ్యలో అద్దం ఉంది. కలం చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఇంకా ఏమీ రాయలేదు.

జరిగింది ఇది. ఉదయం 9:35కి నేను మేపుల్ తోపులోకి వెళ్ళాను. మార్చిలో తీయడం మరిచిపోయిన బక్కెట్లు రెండు చెట్లకు మిగిలాయి, అవి దించడానికి. చేతిలో పాకం మీద నురగ తీసే పెద్ద జల్లిగరిటె ఉంది. దాన్ని షెడ్డులో పెట్టాలని తెచ్చాను, ఆయుధంగా తేలేదు. ఇప్పుడది ఠాణాలో ఆ బల్ల మీద చీటీ కట్టి ఉంది. నాకు మార్చిలోగా తిరిగి కావాలి.

మే రెండో వారం కాబట్టి తోపు నిండా ట్రిలియాలు పూసి ఉన్నాయి. చెట్లకు ఆకు వచ్చేలోపు, నేల మీద ఎండ పడే ఆ మూడు వారాలే వాటి కాలం. మూడు ఆకులు, మూడు రేకులు, తెలుపు. హద్దు కంచె దాకా నేల కనబడదు. అక్కడక్కడ ఎర్రవి ఉంటాయి, అవి తడిసిన కుక్క కంపు కొడతాయి. ఆ కంపు ఈ కేసులో తర్వాత వస్తుంది.

9:45కి కంచెకు ఇటుపక్క, అంటే నా నేలలో, లార్న్ మెకెక్నీ కనిపించాడు. ఒంటి చక్రం తోపుడుబండి, పార. బండి నిండా వేళ్ళతో సహా ట్రిలియాలు. తెల్లవి పంతొమ్మిది, ఎర్రవి ఆరు. లెక్కపెట్టాను. ఒంటి నిండా మట్టి. మనిషి వంగి ఉన్నాడు.

ఇక్కడ నా మనస్థితి చెప్పాలి. ట్రిలియం మా ప్రావిన్సు పువ్వు. మా డ్రైవింగు లైసెన్సు మీద కూడా ఉంటుంది. దాన్ని కోయడం నేరమని నాకు మా అమ్మ చెప్పింది, అమ్మకు వాళ్ళ టీచరు చెప్పింది. పువ్వుతో మూడాకులూ పోతే కింద దుంపకు తిండి ఉండదు, చచ్చిపోతుంది. విత్తనం నుంచి మొదటి పువ్వు రావడానికి ఏడేళ్ళు పడుతుంది. ముప్పై ఒక్క మే నెలలు బస్సులో మైకు పట్టుకుని ఇదే చెప్పాను: ట్రిలియం కోసిన చేతికి బేడీలు పడతాయి అని. ఒక్క పిల్ల కోయలేదు. చీమలు మాత్రం ఆ విత్తనాలు మోసుకుపోతాయి. వాటికి మినహాయింపు.

కాబట్టి పట్టపగలు నా నేలలో ఇరవై ఐదు మొక్కలతో ఒక మనిషిని చూసేసరికి ఒళ్ళు మండిపోయింది. పైగా ఆ మనిషి లార్న్ మెకెక్నీ. పాత నేరస్తుడు. మొదటి నేరం సంగతి కింద చెబుతాను.

నేను జల్లిగరిటె పైకెత్తి, "లార్న్ మెకెక్నీ, నిన్ను అరెస్టు చేస్తున్నాను. బండి తోసుకుంటూ నడు" అన్నాను. పౌరులు కూడా అరెస్టు చేయవచ్చని టీవీలో చూశాను. అతను నా మొహంలోకి చూశాడు, గరిటె వైపు చూశాడు. ఏమీ మాట్లాడలేదు. మాట్లాడతాడని నేను అనుకోలేదు. మా మధ్య మాటలు లేక నలభై ఏళ్ళ పదకొండు నెలల ఇరవై ఏడు రోజులు. ఈ లెక్క నేను ఇక్కడికి వచ్చాక వేసింది కాదు.

బండి తోసుకుంటూ బుద్ధిగా నా ముందు నడిచాడు. ఎడమ మోకాలి నొప్పితో కుంటుతున్నాడు. 9:50కి షెడ్డులోకి వెళ్ళాడు. ఇలా వెళ్ళు, అలా వెళ్ళు అని చెప్పనక్కర్లేకపోయింది. సాక్ష్యం పాడవకూడదని బండిని కూడా లోపలే పెట్టించాను. ముందు తలుపు గడియ వేశాను. ఎర్ర ట్రిలియాలు ఆరూ అతనితోపాటే మూసిన గదిలో ఉండిపోయాయి. అది నేను కావాలని చేసింది కాదు, అయితే బాధపడ్డానని కూడా చెప్పలేను.

10:05కి ఇంటికి వెళ్ళి పోలీసులకు ఫోను చేశాను. ఎత్తినావిడ నేరం ఏమిటంది. ట్రిలియం దొంగతనమన్నాను. ఆవిడ చెప్పింది, హైవే మీద పందుల లారీ బోల్తా పడి నూట నలభై పందులు రోడ్డెక్కాయి, ఉన్న కార్లన్నీ అక్కడే ఉన్నాయి, వీలు చూసుకుని పంపుతాను అని. దొంగ పారిపోతే బాధ్యత ఎవరిదన్నాను. పందులు ముందే పారిపోయాయమ్మా అంది. నేను షెడ్డు దగ్గరికి తిరిగొచ్చి, బక్కెట్టు బోర్లించుకుని కాపలా కూర్చున్నాను.

లోపల్నుంచి చప్పుడు లేదు. 11:15కి ఒకసారి దగ్గాడు.

12:10కి భోజనం పెట్టాను. ఖైదీని పస్తు ఉంచకూడదు. పక్క కిటికీలోంచి గుడ్డు కూరిన బ్రెడ్డు రెండు ముక్కలు, ఫ్లాస్కులో టీ, రూబార్బ్ అనే పుల్లకాడలు కూరి కాల్చిన పై ఒక ముక్క అందించాను. రూబార్బ్ పెరట్లో కోసిన కాడలు, నిన్నే వండాను. తిన్నాడు. పళ్ళెం తిరిగి ఇస్తూ నోరు తెరిచాడు. నలభై ఏళ్ళ తర్వాత అతను నాతో అన్న మొదటి మాట ఇది: "చక్కెర తగ్గించావు."

తగ్గించలేదు. కప్పున్నర వేశాను. మా అమ్మ ఎంత వేసేదో అంతే వేశాను. దీనికీ కేసుకూ సంబంధం లేదని డానా అంటోంది. లేదు, నిజమే. కానీ కప్పున్నర అని రాయాలి.

నేను కిటికీ దగ్గరే నిలబడి, రూబార్బ్ అంటే పుల్లగానే ఉంటుంది, పులుపు పడకపోతే తినకు అన్నాను. అతను పుల్లగా ఉందన్నానా, చక్కెర తగ్గిందన్నాను అన్నాడు. ఇలా సుమారు పది నిమిషాలు జరిగింది. గొంతు మారలేదు. జుట్టంతా పోయింది గానీ గొంతు మారలేదు.

తర్వాత నేను దొంగతనం ఒప్పుకుంటావా అని అడిగాను. అతను పారే నీళ్ళలా ఒక్క తీరున, తొందర లేకుండా చెప్పాడు. అతని మాటలు గుర్తున్నంత వరకు ఇవి: "ఇవి నీవి కాదు ఎర్మా. కంచెకి నా పక్కవి. తోపుతో సహా పొలం అమ్మేశాను. కొన్నది కంకర కంపెనీ. జూన్ ఒకటిన బుల్డోజర్లు దిగుతాయి. వీటిని మీ పక్కకి చేరుస్తున్నాను. పొద్దున అయిదింటి నుంచీ ఇది నాలుగో బండి. ముందు మూడు బళ్ళూ నీ నేలలో పాతేశాను."

అంటే నేను పట్టుకున్నది నా సొమ్ము ఎత్తుకుపోతున్నవాణ్ణి కాదు. నాకు తెచ్చి ఇస్తున్నవాణ్ణి. ఈ సంగతి పొద్దున్నే చెప్పొచ్చుగా, నోరు పడిపోయిందా అన్నాను. "నువ్వు అడిగావా? గరిటె చూపించి నడవమన్నావు. నడిచాను" అన్నాడు.

మరి నువ్వెక్కడికి పోతావని అడిగాను. టౌన్లో రెండు గదుల అపార్టుమెంటు తీసుకున్నాట్ట, మూడో అంతస్తు, లిఫ్టు ఉంది, మోకాలికి మంచిది అన్నాడు. కిటికీలోంచి ఏం కనిపిస్తుందన్నాను. పార్కింగు అన్నాడు. పళ్ళెం కడగడానికి ఇంటికి వెళ్ళాను. పళ్ళెం కడగడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది.

తెలిశాక కూడా ఎందుకు వదిలిపెట్టలేదని డానా అడుగుతోంది. ఎవరి పక్కవైనా తవ్వడం తవ్వడమే, నేరం నేరమే, తేల్చాల్సింది పోలీసులు అనుకున్నాను. అప్పుడు అలాగే అనుకున్నాను. 2:10కి డానా కారు వచ్చింది. కారు నిండా పందుల వాసన. తను గడియ తీసింది, షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది, ఇద్దర్నీ ఎక్కించుకుంది. నన్ను వెనక సీట్లో, అతన్ని ముందు సీట్లో. ఖైదీని ముందు కూర్చోబెట్టి పట్టించినదాన్ని వెనక కూర్చోబెడతారా అని అడిగాను. ఎవరు ఎవరో ఠాణాలో తేలుద్దాం మిస్ డీమర్ట్ అంది.

ఇక మొదటి నేరం. 1970 మే 17, ఆదివారం, మధ్యాహ్నం 2:30. నాన్న సోఫాలో నిద్రపోతున్నాడు. లార్న్ చర్చి కోటు తీయకుండానే మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఊరగాయ సీసా, అందులో పదకొండు తెల్ల ట్రిలియాలు. ఎక్కడివన్నాను. "మా నాన్న తోపులోవి, నీకోసమే కోశాను" అన్నాడు. కోయడం నేరమని తెలీదా అన్నాను. నవ్వాడు. అంత పెద్ద నేరమైతే పట్టించు పో అన్నాడు.

పట్టించమన్నాడు. పట్టించాను. సోమవారం పొద్దున్నే అప్పటి కానిస్టేబులుకు చెప్పాను. ఆయనకూ నాలాగే ఈ విషయంలో పట్టింపు ఎక్కువ, పోయాడు పాపం. పుస్తకంలో రాసుకుని, లార్న్ ఓట్స్ చల్లుతున్న పొలంలోకి కారు తోలుకెళ్ళి, అందరూ చూస్తుండగా హెచ్చరిక చేశాడు. లైను రోడ్డంతా నెల రోజులు అదే కథ. లార్న్‌కు తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి మాటల్లేవు. ఆ ఆదివారం అతను అడగడానికి వచ్చింది వేరే సంగతి. అది అడగలేదు. అడగలేదు కాబట్టి నేను జవాబు చెప్పలేదు. వాంగ్మూలంలో జరిగినవే ఉండాలంటారు, కాబట్టి అది ఇక్కడ ఉండదు.

4:50కి డానా, ట్రిలియం చట్టం నంబరు వేయాలని చెప్పి కంప్యూటరు ముందు కూర్చుంది. 5:15 దాకా వెతికింది. ప్రభుత్వ వకీలు ఇంటికి ఫోను చేసింది. తిరిగొచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుని, చిన్నప్పుడు బస్సులో బూటు పోయిందని చెప్పినప్పటి మొహం పెట్టింది.

"మిస్ డీమర్ట్, అలాంటి చట్టం లేదు. ప్రావిన్సు పార్కుల్లో ఏ మొక్కనీ ముట్టుకోకూడదు, ఎక్కడో ఒక అరుదైన రకానికి రక్షణ ఉంది. అంతే. సొంత తోపులో తెల్ల ట్రిలియం ఎవరైనా కోసుకోవచ్చు."

మళ్ళీ చూడమన్నాను. చూసింది. 1970లో ఉండేదేమో చూడమన్నాను. అది కూడా వకీలును అడిగిందట. శాసనసభ మెంబరు ఒకాయన ఎప్పుడో బిల్లు పెట్టాలని చూశాడుగానీ చట్టం కాలేదన్నాడట. నేను మంచినీళ్ళు అడిగాను. నాలుగేళ్ళుగా పోలీసులో ఉన్నాను, ఈ రోజు దాకా నేనూ అది నేరమనే అనుకుంటున్నాను, మా అమ్మా అదే అనుకుంటోంది అని డానా నాకు ధైర్యం చెప్పింది. మీ అమ్మకు చెప్పింది కూడా నేనే అన్నాను. వాళ్ళమ్మ నా బస్సు మొదటి బ్యాచి.

అద్దంలోంచి చూశాను. లార్న్ కలం పట్టుకునే ఉన్నాడు. ఇతనికి తెలుసా అని అడిగాను. డానా వెళ్ళి అడిగొచ్చింది. 1970 జూన్‌లోనే కౌంటీ లైబ్రరీకి వెళ్ళి చూసుకున్నాట్ట. మరి ఎందుకు చెప్పలేదట అన్నాను. "ఆవిడ బస్సు నిండా పిల్లలకి చెబుతోంది. మధ్యలో నేనెళ్ళి అబద్ధమని ఎలా అంటాను?" అన్నాట్ట. ఈ మాట విన్నాక నేను కుర్చీ అద్దం వైపు తిప్పుకున్నాను. అది రాయమని నేను చెప్పలేదు, డానా రాసింది. ఉండనీ.

5:40కి డానా ఇంకో ప్రశ్న వేసింది. షెడ్డు వెనక ఇంకో తలుపు ఉంది, తను వచ్చేసరికి బార్లా తెరిచి ఉంది, నా పిల్లి అందులోంచే లోపలికీ బయటికీ తిరుగుతోంది, అదేమిటి అంది. కట్టెలు వేసే తలుపు అన్నాను. దానికి గడియ ఉందా అంది. లేదు, తోస్తే వస్తుంది అన్నాను. మరి ఆ తలుపు సంగతి మీకు గుర్తులేదా అంది. మరిచిపోయాను అన్నాను.

డానా లార్న్ దగ్గరికి వెళ్ళింది. ఆ తలుపులోంచి ఎందుకు బయటికి రాలేదని అడిగితే మోకాలు నొప్పి అన్నాట్ట. ఫిర్యాదు ఇస్తారా ఇవ్వరా అంటే, ఎర్మా బంధించానంటే బంధించినట్టు, లేదంటే లేదు, ఆవిడ ఏది చెబితే నాదీ అదే అన్నాట్ట. ఇంత మొండిమనిషిని నేనింకెక్కడా చూడలేదు.

డానా తలుపు దగ్గరగా వేసి, బల్ల మీద మోచేతులు పెట్టి మెల్లగా చెప్పింది. "చూడండి, తలుపు తీసి ఉందని ఆయనకీ తెలిసి, మీకూ తెలిసి ఉంటే అది నిర్బంధం కాదు. ఇద్దరూ ఎవరిష్టం మీద వాళ్ళు కూర్చున్నట్టు. మీరు మరిచిపోయానంటే మాత్రం, బంధించాలనే బంధించారని అర్థం. నేను దీన్ని పై అధికారికి పంపాలి."

జైలు ఎన్నాళ్ళుంటుందని అడిగాను. ఈ వయసులో జైలేమీ ఉండదు, కోర్టు చుట్టూ తిరగడం ఉంటుంది అంది. జైలైతే నయం అనిపించింది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అయిదు నిమిషాలు టైము అడిగాను. ఇచ్చింది. ఆ అయిదు నిమిషాలూ పక్క గదిలో మనిషి నా వైపు చూడలేదు. కాగితం వైపే చూస్తున్నాడు.

5:58. పైన "మరిచిపోయాను" అని రాసిన చోట కొట్టేయాలి. కొట్టేసి పక్కన పొడి సంతకం పెట్టాను.

మరిచిపోలేదు. మంచు బరువుకు కూలిన షెడ్డును 1969 వేసవిలో నాన్న దగ్గర కూలికి తిరిగి కట్టింది లార్నే. ఆ కట్టెల తలుపు అతని చేత్తో బిగించిందే, కాబట్టి అతనికి తెలియదనడానికి వీల్లేదు. ప్రతి మార్చిలో అందులోంచి కట్టెలు మోసేది నేనే, కాబట్టి నాకూ తెలియదనడానికి వీల్లేదు. ముందు తలుపు గడియ వేసేటప్పుడే నాకు తెలుసు. బక్కెట్టు తీసుకెళ్ళి బోర్లించింది ముందు తలుపు దగ్గర కాదు. వెనక తలుపుకు ఎదురుగా, ఇరవై అడుగుల దూరంలో, చెట్టు చాటున. వెళ్ళిపోతాడేమో చూద్దామని కూర్చున్నాను. వెళితే ఆపేదాన్ని కాదు. 10:05కి ఫోను చేయడానికి వెళ్ళినప్పుడు పరిగెత్తి వెళ్ళి పరిగెత్తి వచ్చాను, అరవై ఆరేళ్ళ మోకాళ్ళతో. ఉన్నాడు. పళ్ళెం కడుక్కుని వచ్చి చూశాను. అప్పటికీ ఉన్నాడు.

దీన్ని ఆయనకి చదివి వినిపించవచ్చా అని డానా అడిగింది. సంతకం పెట్టాక కాగితం నాది కాదు, ప్రభుత్వానిది, ఎవరికి చదువుకుంటావో నీ ఇష్టం అన్నాను. పాతిక మొక్కలు బండిలో వేళ్ళు బయటపెట్టుకుని ఉన్నాయి, త్వరగా చదవమన్నాను.

పైన రాసినవన్నీ నేను తెలివిలో ఉండి, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ ఆశ పెట్టకుండా నా అంతట నేను చెప్పినవి. కానిస్టేబుల్ చదివి వినిపించింది, నేను విన్నాను. కొట్టేసిన ఒక్క మాట తప్ప అంతా నిజం.

(సంతకం) ఎర్మా ఎల్. డీమర్ట్
2011 మే 14, సాయంత్రం 6:20

నా ఎదుట: కానిస్టేబుల్ డి. జెట్లర్